తలకిందులైన మంచుముక్క: తెనాలి నుంచి రేపల్లెకు

తెనాలి నుంచి రేపల్లెకు రైల్లో గంటన్నర కూడా పట్టదు. నాకు ఒక రోజు పైనే పట్టింది. ఈ దారిన వెళ్లాలనుకునేవాళ్లు నాలా తిరగనక్కర్లేదు. సూటిగా బండి ఉంది, ఎక్కి కూర్చుంటే చాలు. నేనెందుకు చుట్టూ తిరిగానో చెప్పాలంటే అసలెందుకు బయల్దేరానో ముందు చెప్పాలి.

నేను మంచు చదివేవాణ్ని. దక్షిణ ధ్రువం వైపు గడ్డకట్టిన మంచుని తొలిచి, అందులో పాత కాలపు వాతావరణం ఎలా ఉండేదో చూడటం నా ఉద్యోగం. పదహారేళ్ల కిందట అక్కడ ఒక తప్పు చేశాను. ఆ తప్పుని నా దగ్గర పనిచేసిన వసుంధర అనే అమ్మాయి మీదికి నెట్టాను. ఆమె రెండేళ్ల పని చెత్తబుట్టలోకి పోయింది, తర్వాత ఉద్యోగమూ పోయింది. ఈ మధ్య ఎక్కడో చదువుకుంటున్న ఒక విద్యార్థి నాకు రాశాడు: "సార్, మీ మంచు రికార్డులో మధ్యలో కొన్నేళ్లు ఖాళీగా ఎందుకున్నాయి?" ఆ ఖాళీ మంచులో వసుంధర కొలిచిన ఏళ్లది. జవాబు రాయలేక నెల రోజులు తిరిగాను. చివరికి మా వ్యాసం వేసిన పత్రికకు ఒక ఉత్తరం రాశాను. పంపేముందు వసుంధరకు చూపించాలనిపించింది. రేపల్లెలో ఉంటుందని తెలుసుకుని విశాఖపట్నంలో బండెక్కాను.

డిసెంబరు, మంగళవారం. ఉదయం ఆరుంబావుకి తెనాలిలో దిగాను. పొగమంచులో స్టేషను దీపాలు ఇంకా వెలుగుతున్నాయి. ఒక్కో దీపం చుట్టూ దూదిలాంటి వలయం. రేపల్లెకు టిక్కెట్టు తీసుకున్నాను. బండి అవతలి ప్లాట్‌ఫారం మీద తలుపులు తెరుచుకుని నుంచుంది. టీ తాగాను. ఇంకో టీ తాగాను. సంచీలో ఉత్తరం ఉందో లేదో చూసుకున్నాను. బండి కూత వేసి, నన్ను ఓసారి చూసినట్టే చూసి, మంచులోకి వెళ్లిపోయింది.

మళ్లీ కౌంటరు దగ్గరికి వెళ్లి బాపట్లకు టిక్కెట్టు అడిగాను.

"ఇప్పుడేగా సార్ రేపల్లెకి తీసుకున్నారు?" అంది కౌంటర్లో అమ్మాయి.

"బాపట్లలో పనుందమ్మా."

పనేమీ లేదు. ఆ అమ్మాయికి నేను చెప్పింది కూడా అబద్ధమే.

ఏడున్నరకి బాపట్ల వైపు పాసింజరు వచ్చింది. కిటికీ పక్కన చోటు దొరికింది. పట్టాలకు రెండు వైపులా కోత కోసిన పొలాలు, ఆరబెట్టిన వరి పనలు, అక్కడక్కడా కుప్పలు. వాటి మీద మంచు ఎంత పల్చగా పరుచుకుని ఉందంటే, బండి గాలికి లేచిపోతుందేమో అనిపించింది. కళ్లు సగం మూస్తే ఆ తెల్లదనం ఇంకో తెల్లదనంలోకి జారిపోతుంది. అక్కడ పొలాలుండవు, గట్లుండవు, కాకి ఉండదు. ఆకాశం ఎక్కడ మొదలవుతుందో తెలియదు.

"ఏం పని చేస్తుంటారండి?"

ఎదుటి సీట్లో పెద్దాయన. పేరాలలో మగ్గాలున్న ఇల్లట ఆయనది. తెనాలిలో కూతురింటికి వచ్చి తిరిగి వెళ్తున్నాడు.

"మంచు చదువుతుంటానండి."

"మంచా? అందులో ఏముంటుందండి చదవడానికి?"

చెప్పాను. ధ్రువం దగ్గర పడిన మంచు కరగదు. నిరుడు పడిందాని మీద ఈ ఏడు పడుతుంది. పై బరువుకి కిందిది అణిగి అణిగి గడ్డకడుతుంది. గొట్టం లాంటి డ్రిల్లు దించి, చెయ్యంత పొడవు ముక్కలుగా ఆ మంచు కడ్డీని బయటికి తీస్తాం. వేసవి పొర ఒక రకంగా ఉంటుంది, చలికాలపు పొర ఇంకో రకంగా ఉంటుంది. లెక్కపెట్టుకుంటూ కిందికి పోతే ఏ ఏడు చలి ఎక్కువ, ఎప్పుడు అగ్నిపర్వతం పేలింది, ఎప్పట్నుంచి బొగ్గు పొగ పెరిగింది, అన్నీ కనిపిస్తాయి.

ఆయన గడ్డం గోక్కున్నాడు. "అర్థమైందండి. మా ఇంట్లో క్యాలెండర్ల లాగా. ఏటా కొత్తది తెచ్చి అదే మేకుకి తగిలిస్తాం, పాతది తియ్యం. మా ఆవిడ అడుక్కి చెయ్యి పోనిచ్చి మా పెద్దాడు పుట్టిన ఏడు బయటికి లాగుద్ది. ఆ ఏడు దీపం నూనె మరకతో సహా ఉంటది."

"సరిగ్గా అదేనండి." ఇన్నేళ్ల ఉపన్యాసాల్లో నేనింత బాగా చెప్పలేకపోయాను.

"గాలి కూడా దొరుకుద్దా?"

"బుడగల్లో చిక్కుకుని ఉంటుందండి. ఎప్పటి గాలో."

"అయితే మా తాత చుట్టపొగ కూడా దొరికుంటుంది మీకు. పేరాల మొత్తం మీద ఆయన కాల్చినన్ని చుట్టలు ఎవరూ కాల్చలేదు."

పక్కన కూరగాయల బుట్టతో కూర్చున్న ఆవిడ పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. అప్పికట్ల దగ్గర బండి నెమ్మదించింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు: "మనుషులు రాసినవాటిలో నిజమెంతో, కల్పన ఎంతో చెప్పలేమండి. మంచుకేం అవసరం అబద్ధం రాయడానికి!"

అవునండి అన్నాను.

బాపట్లలో దిగేసరికి ఎనిమిదిన్నర దాటింది. స్టేషను బయట హోటల్లో పెసరట్టు ఉప్మా తిన్నాను. అల్లం పచ్చడి బాగుంది, అడక్కుండానే రెండోసారి వేశారు. అక్కడి నుంచి సూర్యలంకకు షేర్ ఆటోలుంటాయి. పనిలేనివాడు ఎటు వెళ్తాడు, సముద్రానికే. పదింటికల్లా ఇసుకలో కూర్చున్నాను.

శనాదివారాలు అక్కడ గుంటూరు, తెనాలి జనంతో కాలు పెట్టే సందుండదు. మంగళవారం కాబట్టి నేను, నాలుగు పడవలు, వల బాగుచేసుకుంటున్న ఇద్దరు మనుషులు, అంతే. ఎండ మెత్తగా ఉంది. అలలు వచ్చి, తడి మీద తెల్లటి నురగ గీత ఒకటి వదిలి పోతున్నాయి. తర్వాతి అల వచ్చి దాని మీద ఇంకో గీత. చూస్తూ చూస్తూ నేను సూర్యలంకలో లేను.

అక్కడ మంచులో పొడుగ్గా కందకం తవ్వి, పైన గుడ్డ కప్పు వేసుకుని, లోపల పనిచేసేవాళ్లం. సూర్యుడు అస్తమించని కాలం. గుడ్డలోంచి, మంచు గోడల్లోంచి వెలుతురు దిగి కందకమంతా నీలంగా ఉండేది. నీలి నీళ్ల అడుగున నడుస్తున్నట్టు ఉండేది. చప్పుడు లేదు. డ్రిల్లు ఆగాక మన గుండె చప్పుడు మనకు వినబడేది. పైకొచ్చిన ముక్కని తట్టలో పడుకోబెట్టి, మొదట చేసే పని ఒక్కటే: ఏ కొస పైకుండేదో ఆ కొస వైపు పెన్సిలుతో బాణం గుర్తు వెయ్యడం. చిన్నపిల్లలు కూడా చెయ్యగలిగిన పని. కానీ ఆ బాణం మీదే అంతా ఆధారపడి ఉంటుంది. బాణం తప్పితే ముందు జరిగింది తర్వాత, తర్వాత జరిగింది ముందు అయిపోతుంది.

ఆ రోజు వచ్చిన ముక్కలో సన్నగా, వెంట్రుకంత బూడిద గీత ఉంది. ఎప్పుడో ఎక్కడో పేలిన అగ్నిపర్వతం బూడిద. బాణం వెయ్యకుండానే దాన్ని చేతుల్లోకి తీసుకున్నాను. వెలుతురుకి అడ్డం పెట్టి తిప్పి తిప్పి చూశాను. బుడగలు చిటపటమంటున్నాయి. ఎవరూ పీల్చని గాలి నా ముఖానికి తగులుతోంది. ఎంతసేపు చూశానో తెలియదు. పైనుంచి ఎవరో టీ అని పిలిచారు. ముక్కని తట్టలో పెట్టాను, పెన్సిలు తీశాను. అప్పుడు తెలిసింది నాకు, ఏ కొస పైదో మర్చిపోయానని.

దీనికి ముందు తీసిన ముక్క విరిగిన అంచుకి దీని అంచు ఆనించి చూస్తే తేలిపోయేది. అది అప్పటికే పెట్టెలో సర్ది బిగించేశాం. పెట్టె విప్పమంటే ఎందుకని అడుగుతారు. నోటుబుక్కులో రిమార్కుల గడి ఉంది, "సందేహం" అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. రాయలేదు. ఒక వైపు బాణం వేసి టీకి వెళ్లాను.

తిరిగొచ్చాక మా లాబ్‌లో ఆ పెట్టెల్లోని ముక్కలు కోసి కొలిచిన మనిషి వసుంధర. పేలుడు జరిగితే బూడిద ముందు రాలుతుంది. ఆమ్లం గాల్లో చాలాకాలం తేలుతూ నెమ్మదిగా రాలుతుంది. అంచేత బూడిద కింద, ఆమ్లం పైన ఉండాలి. ఈ ముక్కలో తారుమారుగా ఉంది. ఆమె సమావేశంలో లేచి, "సార్, ఈ ముక్క తలకిందులుగా ఉంది. బాణం తప్పు" అంది. అందరూ నావైపు చూశారు.

"బాణం నేనే వేశాను. కోతబల్ల మీద పెట్టేటప్పుడు నువ్వే తిప్పి ఉంటావు" అన్నాను.

అంతే. నేను పెద్దవాణ్ని, ఆమె చేరి రెండేళ్లు. ఒకటి తిప్పిన మనిషి ఇంకెన్ని తిప్పిందో అన్నారు. ఆమె కోసిన ముక్కలన్నీ పక్కన పెట్టేశారు. వ్యాసంలో ఒక చిన్న వాక్యం వేశాం: కోతలో జరిగిన పొరపాటు వల్ల ఈ భాగాన్ని వదిలేశామని. ఆ వాక్యం రాసింది నేను.

"అన్నయ్యా!"

ఉలిక్కిపడ్డాను. వేయించిన చేపల కొట్టు ఆవిడ నా వెనకే నుంచుని ఉంది. "పొద్దున్నించి ఇక్కడే కూచున్నారేంటి? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉందమ్మా. ఊరికే."

"ఊరికే ఒక్కళ్లే వచ్చి సముద్రం కేసి చూస్తా కూచుంటే మాకు భయమండి. లేచి ఇటు నీడకి రండి. ఏదన్నా తినండి. తింటా ఉంటే కనీసం మీ మీద ఒక కన్నేసి ఉంచొచ్చు."

వెళ్లి తిన్నాను. రెండు ముక్కలు అడిగితే మూడు పెట్టింది. నేను ఆటో ఎక్కేదాకా కొట్టు బయటే నుంచుంది. ఆ సాయంత్రం బాపట్ల స్టేషను రోడ్డులో ఒక లాడ్జిలో గది తీసుకున్నాను. గది శుభ్రంగా ఉంది, దోమతెర అడిగితే ఇస్తారు. ఎనిమిదింటికే నిద్రపోయాను.

బుధవారం ఉదయం ఏడుంబావుకి రేపల్లె బస్సు. కర్లపాలెం, చందోలు, చెరుకుపల్లి మీదుగా వెళ్తుంది. కిటికీ అద్దం తెరిచినచోటే బిగుసుకుపోయింది, చల్లటి గాలి ముఖానికి కొడుతూనే ఉంది. దారిలో వరి కుప్పలు తగ్గుతూ రొయ్యల చెరువులు మొదలయ్యాయి. ఒక దాని పక్కన ఒకటి, ఆకాశాన్ని పలకల్లా కోసి పరిచినట్టు. వాటిలో నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్ల చక్రాలు తిరుగుతూ తెల్లగా నీళ్లు చిమ్ముతున్నాయి. బస్సు ఊగుతుంటే చెరువుల మధ్య తేలిపోతున్నట్టుంది. ఈ బస్సు ఎప్పటికీ రేపల్లె చేరకపోతే బాగుండని నిజంగా అనుకున్నాను. తొమ్మిదిన్నరకి చేరింది.

ఆటో అతనికి చిరునామా కాగితం చూపిస్తే చూడకుండానే అన్నాడు: "నీళ్ల మేడం గారి దగ్గరికా? ఎక్కండి. మీకెన్ని ఎకరాలు?"

వసుంధర రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే చిన్న లాబ్ నడుపుతోంది. ముందు గదిలో బెంచీలు. బెంచీల మీద రైతులు, వాళ్ల ఒళ్లో నీళ్ల సీసాలు. లోపల బల్ల దగ్గర ఆమె. జుట్టు కొంచెం నెరిసింది. నన్ను చూసి తల ఊపింది, నిన్ననే సెలవు పెట్టి వెళ్లిన మనిషి తిరిగొచ్చినట్టు.

"కూర్చోండి సార్. ముందు వీళ్లని చూడాలి."

ఒకప్పుడు ఆమెను నువ్వు అనేవాణ్ని. "మీ పని కానివ్వండి" అన్నాను. మీరు అని దానంతటదే వచ్చింది.

బెంచీ చివర ముప్పావుగంట కూర్చున్నాను. నా పక్కనున్న రైతు వంతు వచ్చింది. సీసా ఇచ్చాడు.

"ఇది ఏ చెరువుది బాబాయ్?"

"మాదేనమ్మా."

"మీకు మూడున్నాయి."

"నడిమిది."

"పైనీళ్లా, అడుగు నీళ్లా?"

"అడుగువే అనుకుంటా. మా తమ్ముడు ముంచాడు."

"అనుకుంటా అంటే కుదరదు. మళ్లీ పట్టుకురండి. సీసా మీద రాసి తెండి."

"నీళ్లు నీళ్లే కదమ్మా! రేపట్నించి వీటికి ఆధార్ కార్డు కూడా అడిగేట్టున్నావే."

బెంచీలన్నీ నవ్వాయి. ఆమె కూడా నవ్వింది, కానీ సీసా మాత్రం వెనక్కి ఇచ్చేసింది. "ఆరు కిలోమీటర్లు తల్లీ" అని గొణుక్కుంటూ ఆయన బండి స్టార్ట్ చేశాడు.

గది ఖాళీ అయ్యాక ఉత్తరం ఆమె ముందు పెట్టాను. "పంపేముందు మీరు చదవాలి" అన్నాను.

ఆమె కళ్లజోడు పెట్టుకుని చదివింది. ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. దాని సారం తెలుగులో ఇది: ఆ ముక్కపై బాణం గుర్తు తప్పుగా పడి ఉండొచ్చని ఇటీవల నా దృష్టికి వచ్చింది, అందువల్ల లాబ్‌లో ఒక జూనియర్ సహోద్యోగికి ఆపాదించిన పొరపాటును పునఃపరిశీలించాలి.

"ఇటీవలా?" అంది.

నేను బల్ల మీది సీసాల వైపు చూశాను.

"ఎప్పుడు తెలిసింది సార్ మీకు?"

"మీరు సమావేశంలో లేచి చెప్పిన రోజు."

ఆమె కాగితం కింద పెట్టలేదు. నా ముఖంలోకి చూస్తూ ఉంది. బయట ఎవరో బండి ఆపారు.

"కాదు," అన్నాను. "కందకంలోనే. బాణం వేస్తున్నప్పుడే తెలుసు."

ఆమె కాగితం బల్ల మీద పెట్టి, కళ్లజోడు తీసి, దాన్ని చీర కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. చాలాసేపు తుడిచింది.

"ఉద్యోగం పోయినందుకు నేను పెద్దగా ఏడవలేదు సార్. ఇంకోటి దొరుకుతుంది, దొరికింది. కానీ మీరు అబద్ధం చెప్తారని నాకు తట్టలేదు. మీరు బాణం తప్పు వెయ్యలేదంటే నేనే తిప్పి ఉండాలి. మూడేళ్లు నా చేతుల్ని నేను నమ్మలేదు. పొయ్యి ఆపి బయటికెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి చూసుకునేదాన్ని. తలుపు తాళం మూడుసార్లు లాగి చూసుకునేదాన్ని. మా అమ్మాయికి మందు చెంచాలో పోసి, ఇది ఆ సీసాయేనా అని మా ఆయన్ని పిలిచి అడిగేదాన్ని."

నేను నోరు తెరిచాను.

"ఆ మాట వద్దు సార్. మీరు ఆ మాటంటే నేను ఏదో ఒక జవాబు చెప్పాలి. నా దగ్గర జవాబు లేదు. పెన్నుందా?"

ఉంది.

"రాయండి. మీకు ఎప్పుడు తెలిసిందో రాయండి. ఎక్కడ నుంచుని తెలిసిందో అదీ రాయండి. ఇంకోటి, జూనియర్ సహోద్యోగి అంటే ఎవరు? నాకు పేరు లేదా?"

ఆ బల్ల మీదే, నీళ్ల సీసాల మధ్య, మళ్లీ మొదటి నుంచి రాశాను. గంట పట్టింది. మధ్యలో ఇద్దరు రైతులు వచ్చి వెళ్లారు. మొదట అరపేజీ ఉన్న ఉత్తరం ఒకటిన్నర పేజీ అయింది. టీకి వెళ్లడం కూడా రాశాను. ఆమె చదివి, ఒక చోట గీత పెట్టి, "ఈ విశేషణం తీసేయండి, మీ బాధ వాళ్లకి అనవసరం" అంది. తీసేశాను.

"ఆ ముక్కలో కొయ్యని సగం ఇంకా ఉందా?"

"శీతల గిడ్డంగిలో ఉంది."

"దాన్ని మళ్లీ కొలవమని కూడా రాయండి. నేను చెప్పిందే తప్పయితే అదీ తేలాలి. పంపేటప్పుడు నాకో కాపీ పెట్టండి." లేచి బయటికి చూసి, "రండి బాబాయ్, సీసా మీద రాశారా?" అంది.

నా పని అయిపోయిందని అర్థమైంది.

స్టేషను దగ్గర మెస్సులో భోంచేశాను. మూడున్నరకి తెనాలి బండి. రేపల్లెతో పట్టాలు అయిపోతాయి కాబట్టి బండి అక్కడ ఖాళీగానే నుంచుని ఉంటుంది, కిటికీ సీటుకి తొందరపడక్కర్లేదు. కాగితం మోకాలి మీద పెట్టుకుని ఫోనులో టైపు చెయ్యడం మొదలుపెట్టాను. పల్లెకోన దాటింది. ఎండ వాలి పొలాలు పసుపు రంగుకి తిరిగాయి.

భట్టిప్రోలులో ఎక్కిన ఒక అమ్మాయి ఎదుట కూర్చుని కాసేపు చూసి అడిగింది: "పరీక్షా బాబాయ్? అంతలా రాసేస్తున్నారు!"

"ఉత్తరమమ్మా. పత్రికకి."

"మీ పేరు వేస్తారా?"

"వేస్తారు. వేస్తే నా పరువు పోతుంది."

"మరెందుకు పంపడం?"

"నా బదులు ఇంకొకళ్ల పరువు పోయి పదహారేళ్లయిందమ్మా."

ఆ అమ్మాయి సంచీలోంచి జామకాయలు తీసి నాకొకటి ఇచ్చింది. నేను వసుంధరకు కాపీ పెట్టి, పంపే మీట నొక్కాను. తేలికగా అనిపిస్తుందనుకున్నాను, అనిపించలేదు. జామకాయ పట్టుకుని కూర్చున్నాను. దూరంగా కుప్పల మీద సన్నటి పొగమంచు మళ్లీ దిగుతోంది. ఆ తెల్లదనంలోకి ఎప్పటిలా జారిపోవాలని చూశాను. ఈసారి కుప్పలు కుప్పలుగానే, గట్లు గట్లుగానే కనిపించాయి.

వేమూరులో బండి ఆగినప్పుడు ఫోను మోగింది. వసుంధర మెసేజీ. సార్ లేదు, నమస్కారం లేదు.

"లోతు తప్పు రాశారు. ముప్పై ఏడు కాదు, ముప్పై ఎనిమిదో మీటరు. సరిచేసి మళ్లీ పంపండి."

నా పాత నోటుబుక్కు సంచీలోనే ఉంది. తీసి చూశాను. ముప్పై ఎనిమిదే. పదహారేళ్ల తర్వాత కూడా ఆమెకు ఆ అంకె గుర్తుంది. కాగితంలో సరిగ్గా రాసి కూడా టైపులో నేను తప్పు కొట్టాను. సరిచేసి, తప్పు నాదేనని పైన ఒక లైను చేర్చి, జంపని దాటేలోపు మళ్లీ పంపాను.

చినరావూరులో జవాబొచ్చింది. "ఇప్పుడు సరిగ్గా ఉంది. నా కొలతల పుస్తకాలు నాలుగున్నాయి. శనివారం స్కాన్ చేయించి పంపుతాను. ఆ ఏళ్లు తిరిగి చేర్చేటప్పుడు ఎవరు లెక్కలు చూస్తారో ముందే తేల్చండి. ఈసారి రెండు జతల కళ్లుండాలి."

తెనాలిలో దిగేసరికి అయిదు కావస్తోంది. విశాఖ బండికి ఇంకా రెండు గంటలుంది. ప్లాట్‌ఫారం చివర ఖాళీ బల్ల చూసుకుని కూర్చుని, జామకాయ కొరికి, నోటుబుక్కులో కొత్త పేజీ తీశాను. పైన ఆమె పేరు రాశాను. కింద, ముందు ఏ ఏడు నుంచి చూడటం మొదలుపెట్టాలో రాసుకోసాగాను.